మా బావ కంటి వైద్యం

మా బావ నరసింహారావు నా కళ్లకు చేసిన వైద్యానికి నా దగ్గర పైసా పుచ్చుకోలేదు. ఈ మాట నేననడం కాదు, ఆయనే చెబుతుంటాడు. బాపట్లలో చెబుతాడు, తెనాల్లో చెబుతాడు, రేపల్లె బస్సులో పక్క సీటువాడు మొహం తిప్పుకుంటే వాడి చెవికి చెబుతాడు. మా రాఘవులు కళ్లు ఎండిపోయి రాళ్లయితే, కాణీ తీసుకోకుండా నీళ్లు తెప్పించానని. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అదే నా బాధ. అబద్ధమైతే నలుగురిలో కూర్చోబెట్టి అడిగేవాణ్ణి. నిజం చెప్పేవాణ్ణి ఏమని అడుగుతాం.

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. మానేశాననడం మర్యాద కోసం. మా నాన్న మాన్పించాడు. తెనాల్లో పిండిమర పెట్టాడు, కూలికి మనిషిని పెట్టుకునే స్తోమత లేదు, ఇంట్లో ఇద్దరు మగపిల్లలున్నారు. ఒకడు చదవాలి, ఒకడు మర దగ్గర నిలబడాలి. తమ్ముడు శేషగిరికి లెక్కలు బాగా వచ్చేవి, నాకు బస్తాలు బాగా లేచేవి. తీర్పు సులువుగా తేలిపోయింది. వాడు డిగ్రీ చదివి, బీఈడీ చేసి, రేపల్లెలో లెక్కల మేష్టరయ్యాడు. వాడి ఫీజులు నా మరలోంచి పిండై రాలాయి. నేను ఆ మర దగ్గరే మీసాలు మొలిపించుకుని, ఆ మర దగ్గరే వాటిని నెరిపించుకున్నాను.

మరలో రెండు మిషన్లు. ఒకటి బియ్యానికీ గోధుమలకీ, రెండోది కారానికి. బియ్యప్పిండి మంచిది, మనిషిని తెల్లగా చేసి వదిలేస్తుంది. కారం అలా వదలదు. శివరాత్రి దాటిన దగ్గర్నుంచీ ఊళ్లో ఆడవాళ్లంతా మిరపకాయలు తొడిమలు తీసి, ఎండబెట్టి, సంచుల్లో తెస్తారు. సంచి నా ముందు పెట్టి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వీధి అవతలికి పోయి నిలబడతారు. అక్కణ్ణుంచి, కాస్త మెత్తగా పట్టు రాఘవులన్నా అని కేకేస్తారు. లోపల నిలబడ్డవాడికి కొంగు ఉండదు గదా.

ముప్పై ఏళ్లకి పైగా అలా నిలబడ్డాక నా కళ్లు నా మాట వినడం మానేశాయి. రెప్ప వేస్తే ఇసుక, తీస్తే మంట. పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుపోయి ఉండేవి. ఎప్పుడు చూసినా ఎర్రగా ఉండేసరికి, రాఘవులు పొద్దున్నే మొదలుపెట్టాడని బజార్లో పేరొచ్చింది. జన్మలో సోడా తప్ప తాగనివాడికి ఆ పేరు కూడా ఉచితంగానే వచ్చింది.

మా ఆవిడ భువనేశ్వరి పోరు పడలేక తెనాల్లోనే ఒక కంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ కింది రెప్పలో సన్నటి కాగితం ముక్క దోపి, కళ్లు మూసుకుని కూర్చోమంది. కాసేపటికి తీసి చూసింది. కాగితం పైకొస మాత్రమే తడిసింది.

"మీ కళ్లల్లో తడి లేదండి," అంది డాక్టరమ్మ.

"ఆ సంగతి నాకు పెళ్లయిన కొత్తలోనే తెలుసండి," అంది భువనేశ్వరి.

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను ఫీజు ఇచ్చాను.

చుక్కల మందు రాసిచ్చింది. రోజుకి నాలుగుసార్లు, కన్నుకో చుక్క. సీసా మూత తీశాక నెలకి మించి వాడొద్దంది. ఫ్యాను కింద మొహం పెట్టి పడుకోవద్దని, మంటగా ఉంటే శుభ్రమైన గుడ్డ తడిపి మూసిన కళ్ల మీద వేసుకోమని, వీలైతే ఆ కారం మిషను ఇంకెవరికైనా అప్పజెప్పమని చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. తేనెలని, పాలని, ఆకుపసర్లని ఎవరో చెప్పారని పోసుకుని నా దగ్గరికి రావొద్దు, ఎండిన కంటికి ఏదన్నా గుచ్చుకుంటే మామూలు కంటికంటే ఎక్కువ కారుతుంది, అంది. ఎండిపోయిన బోరు పొంగుతుందన్నట్టుంది ఆ మాట. నాకు నవ్వొచ్చింది. చదువుకున్నవాళ్లు అలాగే మాట్లాడతారులే అనుకున్నాను.

చుక్కలు మాత్రం పనిచేశాయి. కొన్నాళ్లకి ఇసుక తగ్గింది. ఇక మిగిలింది కారం మిషను. దాన్ని ఇంకొకరికి అప్పజెప్పాలంటే నాకు ఇంకో బతుకుతెరువుండాలి. ఆ తెరువు రేపల్లెలో ఉంది.

రేపల్లె ఊరి బయట, తెనాలి రోడ్డు పక్కన మా నాన్నకి ఎకరం పది సెంట్లుంది. వెనకంతా వరి. రోడ్డు వైపు కొంచెం మెరక, అక్కడ నాటు పడదు, కుప్పలు వేసుకునేవాళ్లం. మా నాన్న మంచంలో ఉండగా, మా ముత్తయ్య బాబాయిని పిలిపించి, నా ఎదుటా తమ్ముడి ఎదుటా చెప్పాడు. మర దగ్గర పెద్దోడి ఒళ్లు హూనమైంది, రోడ్డు పక్క మెరక వాడిది, మిగతా చేను సగం సగం అని. కాగితం రాయలేదు. అప్పుడా మెరకలో తుమ్మచెట్లు తప్ప ఏం లేవు గనక తమ్ముడు కూడా పెద్దమనసుతో తలూపాడు. మూడేళ్లు తిరిగేసరికి, రెండువేల ఏడులో, ఆ రోడ్డు పొడుగునా సెల్లు టవర్లు లేచాయి, ప్లాట్ల రాళ్లు లేచాయి. మా లెక్కల మేష్టరికి కూడా లెక్కలు గుర్తొచ్చాయి. తండ్రి ఆస్తి మొత్తానికి సగం సగం కదా అన్నయ్యా అన్నాడు. రోడ్డు వైపు తనకిస్తే, వెనక చేలో నాకు కాస్త ఎక్కువిస్తానని కూడా అన్నాడు. వరి మడిలో పిండిమర పెట్టుకోమని కాబోలు.

నా లెక్క వేరే. ఆ మెరక మీద ముందు నాలుగు కొట్లు వేసి అద్దెకిస్తే, తెనాల్లో కారం మిషను ఎవడికో ఒకడికి ఇచ్చేసి, నేను బియ్యప్పిండి దగ్గర తెల్లగా కూర్చోవచ్చు. డాక్టరమ్మ రాసిన మందుల్లో మెడికల్ షాపులో దొరకనిది అదొక్కటే.

ముత్తయ్య బాబాయి మాట మీద నిలబడే మనిషి. మీ నాన్న అన్నది నలుగురిలో నేను చెబుతా, నువ్వు గట్టిగా కూర్చుంటే చాలు, తమ్ముడి మొహం చూసి మెత్తబడ్డావంటే మాత్రం నేను మధ్యలో పిచ్చివాణ్ణవుతా అన్నాడు ఫోన్లో. నేను మెత్తబడటమేంటి బాబాయ్ అన్నాను. మా నాన్నని పాడె మీద మోస్తున్నప్పుడు కూడా నా కంట చుక్క రాలేదు. రాఘవులుది రాతి గుండె అని రేపల్లె రేపల్లంతా అనుకుంది. తమ్ముడు మాత్రం అరుగు మీద పొర్లి పొర్లి ఏడ్చాడు, వాడి కళ్లకేం, కారం ఎరగనివి.

ఇప్పుడు మా బావ దగ్గరికొస్తాను. మా అక్క సీతారావమ్మ మొగుడు. బాపట్లలో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరయ్యాడు. రిటైరైన మనిషికి ఇంట్లో గౌరవం తగ్గుతుంది గనక, కడుపులో గ్యాసని చెప్పి ఒక ప్రకృతి వైద్యం ఆశ్రమానికి వెళ్లి పది రోజులుండి వచ్చాడు. గ్యాసు పోలేదు, జ్ఞానం వచ్చింది. అప్పట్నుంచీ చుట్టాల్లో ఎవరికి ఏ జబ్బు చేసినా మాత్రలు మానిపించడం ఆయన ఉద్యోగం. కళ్లజోడు లేకపోతే ఎదురుగా ఉన్న గేదెని కూడా ఏమ్మా బాగున్నావా అని అడిగే మనిషి, నా కళ్లు బాగుచేస్తానని తెనాలి దిగాడు.

చుక్కల మందు సీసా చేతిలోకి తీసుకుని, వెలుగులో ఎత్తి చూశాడు.

"సీసాలో కన్నీళ్లు కొనుక్కుంటున్నావేంట్రా, నీ ఖర్మ కాకపోతే. సొంత కన్నీళ్లు రప్పించాలి. అదీ వైద్యం."

మొదట పొన్నగంటి కూర. నెల్లాళ్లు ఇంట్లో అదే కూర, అదే పప్పు, అదే పులుసు. మా ఆవిడ కట్టలు కట్టలు కొంటుంటే కూరలమ్మే పున్నమ్మ, ఇంట్లో మేకలు పెంచుతున్నారా అమ్మాయ్ అని అడిగింది. తర్వాత నందివర్ధనం పూలు. మూసిన కళ్ల మీద తడి పూలు పెట్టుకుని పడుకోవాలి. వాకిట్లో మంచం మీద అలా పడుకుంటే, పిండికొచ్చినవాళ్లు నన్ను చూసి భువనేశ్వరిని పరామర్శించి వెళ్లేవాళ్లు.

ఉన్నమాట చెప్పాలి. ఆ పూలు పెట్టుకుంటే చల్లగా, హాయిగా ఉండేది. తడి గుడ్డ వేసుకున్నా అలాగే ఉండేది అనుకోండి. కానీ హాయిగా ఉంది బావా అని నోరు జారాను. మా కుటుంబంలో నోరు జారినవాడు బాగుపడ్డ దాఖలా లేదు. ఆ రోజు నుంచీ ఆయన పట్టుదల రెట్టింపైంది. పడుకోబోయే ముందు రెప్పలకి ఆముదం రాయించాడు, దిండు గలీబులు పోయాయి. త్రిఫల కషాయంతో కడిగించాడు, బనియన్లు పోయాయి. మీ బావగారి వైద్యం అంత గొప్పదైతే ముందు ఆయన కళ్లజోడు తీసి చూపించమనండి అంది మా ఆవిడ. నేను ఊరుకోమన్నాను. ఎందుకు ఊరుకోమన్నానో చెబుతాను. పంపకాల పంచాయితీ దగ్గర పడుతోంది. అందులో ముత్తయ్య బాబాయి ఒక పెద్దమనిషి, మా బావ రెండో పెద్దమనిషి. ఇంటి అల్లుడు. మా వైపు అల్లుడి మొహం ముడుచుకుంటే పెళ్లిళ్లే ఆగిపోతాయి, పంపకాలొక లెక్కా. మెరక చేతికొచ్చేదాకా ఆయన ఏం పొయ్యమంటే అది పోయించుకోవాలి అనుకున్నాను. సగం ఊళ్లో అల్లుళ్లు ఇలాగే డాక్టర్లయ్యారు.

పంచాయితీ శేషగిరి ఇంట్లో పెట్టారు. నేను తెనాల్లో ప్యాసింజరెక్కాను. మిరపకాయల కాలం గనక మర మూయడానికి లేదు, భువనేశ్వరి మర దగ్గర ఉండిపోయింది. వెళ్లేటప్పుడు చుక్కల సీసా నా జేబులో ఆవిడే పెట్టి, మీ బావ ఏమిచ్చినా తినండి గానీ కంట్లో పోయించుకోకండి అంది. కిటికీ పక్కన కూర్చుని రేపల్లె చేరేసరికి గాలికి కళ్లు భగ్గుమంటున్నాయి. తమ్ముడి ఇంటి అరుగు మీద కూర్చుని సీసా తీశాను. మా అక్కని వెంటబెట్టుకుని బాపట్ల నుంచి చెరుకుపల్లి మీదుగా బస్సులో వచ్చిన మా బావ, అప్పటికే అరుగు మీద సిద్ధంగా ఉన్నాడు. సీసా నా చేతిలోంచి లాక్కుని తన జేబులో వేసుకున్నాడు. ఇంత ముఖ్యమైన రోజున సీసా నీళ్లు పోసుకుంటావా అన్నాడు. ఆ జేబులోంచే ఇంకో సీసా తీశాడు. హోమియో మందు సీసా, లోపల గోధుమరంగు నీళ్లు.

ఏంటి బావా ఇది అన్నాను. తెల్ల ఉల్లిపాయ రసం, తేనె, సమపాళ్లు. తేనె కొల్లూరు లంకల్లో అరటితోటలో పట్టిందట, రసం పొద్దున్నే మా అక్క స్వయంగా తీసిందట. ఇదొక్కటే నీకు మిగిలిన మందు, పరగడుపున పోస్తే ఇంక జన్మలో చుక్కల మందు అక్కర్లేదన్నాడు.

నేను ముత్తయ్య బాబాయి వైపు చూశాను. ఆయన చుట్ట కాలుస్తూ తమ్ముడితో మాట్లాడుతున్నాడు. తమ్ముడు మా బావకి రెండోసారి కాఫీ తెప్పిస్తున్నాడు. ఇప్పుడు కాదంటే ఆ కాఫీ ఎటు మొగ్గుతుందో అన్న భయం వేసింది. తల వెనక్కి వాల్చాను.

మొదట ఏమీ కాలేదు. తేనె కదా, చిక్కగా, మెల్లగా దిగింది. మంట లేదు బావా అన్నాను కూడా. లోపలికి రమ్మన్నారు. చాప మీద కూర్చున్నాం. ముత్తయ్య బాబాయి చుట్ట ఆర్పి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. మీ నాన్న మంచంలో ఉండి నన్ను పిలిపించాడు, మీ ఇద్దరి ఎదుటా చెప్పాడు, మర దగ్గర పెద్దోడి ఒళ్లు హూనమైందిరా ముత్తయ్యా అన్నాడు.

తర్వాతి మాట మెరక గురించి. ఆ మాట కోసమే నేను ఏడో తరగతి నుంచి ఎదురుచూస్తున్నాను.

సరిగ్గా అక్కడ ఉల్లిపాయ తేనెలోంచి బయటపడింది. ఒక కంట్లో కాదు, రెండు కళ్లల్లోనూ. నేను మరలో ఎన్ని మిరపకాయలు పట్టానో అవన్నీ ఒక్కసారి తిరిగొచ్చినట్టు. డాక్టరమ్మ చెప్పిన ఎండిన బోరు పొంగింది. నీళ్లు బుగ్గల మీద, మీసం మీద, చొక్కా మీద. ముక్కు కూడా సాయం చేసింది. నోరు తెరిస్తే వెక్కిలి తప్ప మాట రాలేదు.

ముత్తయ్య బాబాయి ఆగిపోయాడు. గదిలో అందరూ ఆగిపోయారు. తండ్రి పాడె మోస్తూ కన్ను తడవనివాడు ఇప్పుడు కూర్చున్నచోట కరిగి కారిపోతుంటే ఆగరా మరి.

"ఏంట్రా రాఘవులూ ఇది," అన్నాడు బాబాయి.

ఊపిరంతా కూడదీసుకుని నిజం చెప్పాను.

"బాబాయ్, అది ఉల్లిపాయ."

బాబాయి కండువా తీసి కళ్లు ఒత్తుకోవడం మసగ్గా కనబడింది.

"చూశారా," అన్నాడు. "తమ్ముణ్ణి తల్చుకుని ఏడుస్తూ, మనం చూస్తున్నామని ఉల్లిపాయంటున్నాడు. వీణ్ణా మనం రాతి గుండె అన్నది."

బావా, నువ్వన్నా చెప్పు అన్నాను. మా బావ కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. ఆయనక్కూడా ఏడుపొచ్చింది. తను ఏం పోశాడో తనే మర్చిపోయాడు.

"నేను చెప్పేదేముందిరా," అన్నాడు. "నీ కళ్లే చెబుతుంటే."

అంతలో నా కాళ్ల మీద ఏదో పడింది. శేషగిరి. అన్నయ్యా, నీకు ఇంత ప్రేమ ఉందని నాకు తెలియదు అన్నాడు. నాకూ తెలియదు. లోపల ఆడవాళ్లు ముక్కులు చీదడం వినబడింది. మా అక్క, మా తమ్ముడు దేవుడమ్మా అంటోంది. ముప్పై ఏళ్లు కారంలో నిలబడితే కాపలా కుక్కకిచ్చిన విలువ ఇవ్వనివాళ్లు, ఒక్క ఉల్లిపాయకి నన్ను దేవుణ్ణి చేశారు. మళ్లీ ఉల్లిపాయ అందామని నోరు తెరిచాను. ఎవరో వీపు నిమిరారు. ఆ నిమరడం ఎలా ఉంటుందో నేను మర్చిపోయి చాలా కాలమైంది. నోరు మూసుకున్నాను. అంతా కలిపి రెండు నిమిషాలు మూసుకుని ఉంటాను. ఆ రెండు నిమిషాలు చాలు లెక్కల మేష్టరికి.

ముత్తయ్య బాబాయి తేల్చేశాడు. నీ మనసు నాకు తెలిసిందిరా, మీ నాన్న చెప్పిన ఆ రెండో మాట ఇక నేనెత్తను, రోడ్డు పక్కది చిన్నోడికే పోనీ, మిగతాది సగం సగం అన్నాడు. తమ్ముడు కాగితం ముందే రాసి పెట్టుకున్నాడు. లోపలి గదిలోంచి అది వచ్చిన వేగం చూస్తే సిరా తాజాగా ఉన్నట్టు లేదు.

నాకు కాగితం కనబడటం లేదు, కలం కనబడటం లేదు. కళ్లల్లో నిప్పులు. కుళాయెక్కడ, కుళాయెక్కడ అంటున్నాను. తుడుచుకోకు, మందు పనిచేస్తోంది అంటున్నాడు, అప్పటికి మందు గుర్తొచ్చిన మా బావ, చెవిలో. సంతకం పెట్టేసి వెళ్లి కడుక్కో అన్నయ్యా, పెరట్లో ఉంది, దగ్గరే అంటున్నాడు తమ్ముడు, నా వేళ్ల మధ్య కలం పెడుతూ. ఆ క్షణాన నాకూ ఆ కుళాయికీ మధ్య ఉన్నది ఆ కాగితం ఒక్కటే. ఎక్కడో చూపించండి అన్నాను. ఎవరో నా చెయ్యి పట్టుకుని ఆనించారు. పెట్టాను.

పెరట్లో కుళాయి కింద తల పెట్టి చాలాసేపు ఉన్నాను. తలెత్తేసరికి, ఒట్టు, అన్నీ ఎంత తేటగా కనబడ్డాయో చెప్పలేను. గోడ మీద పాకే చీమ కనబడింది. మామిడాకు మీద ఈనెలు కనబడ్డాయి. కిటికీలోంచి, కాగితం మడతపెట్టి బీరువాలో దాస్తున్న తమ్ముడు కనబడ్డాడు. మా బావ వెనకనే వచ్చి తువ్వాలందించాడు.

"చూశావా, ఎన్ని నీళ్లొచ్చాయో. ఇప్పుడు చెప్పు, సీసాలో కొన్నవా, సొంతవా?"

సొంతవే బావా అన్నాను.

మర్నాడు కళ్లు వాచి మూసుకుపోతే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. నల్లగుడ్డు మీద గీత పడిందంది. ఏం పోశారని అడిగింది. భువనేశ్వరి చెప్పింది. ఈసారి ఇద్దరూ నవ్వలేదు. చాలా వారాలు మందు పోసి నయం చేసింది. ఆ నాలుగు చుక్కలు ఇప్పటికీ వేసుకుంటున్నాను, కారం ఇప్పటికీ నేనే పడుతున్నాను. సీసా మా బావకి కనబడకుండా బియ్యప్పిండి డబ్బాలో దాస్తున్నాను.

బావ కావాలని చేశాడని నేననను. కావాలని చేసేంత తెలివే ఉంటే ఆయన టైపిస్టుగా రిటైరయ్యేవాడు కాదు. ముత్తయ్య బాబాయి ఎదురుపడితే ఇప్పటికీ నన్ను దగ్గరికి తీసుకుని, నీలాంటి అన్న ఉండడురా అంటాడు. ఒకసారి, బాబాయ్, నిజంగానే ఉల్లిపాయ అన్నాను. ఆయన కళ్లల్లో మళ్లీ నీళ్లు తిరిగాయి. ఇక అనడం మానేశాను.

శేషగిరి అక్కడ కొట్లు కట్టాడు. మొదటి కొట్లో కళ్లజోళ్ల షాపు పెట్టారు. మా బావ జోడు అక్కడే మార్పించుకున్నాడు, ఇంటి అల్లుడు గనక తగ్గించి ఇప్పించారట. నా పేరు ఎప్పుడన్నా వినాలనుంటే రేపల్లెలో అడగండి, రాఘవులు తమ్ముడికి దానం చేసిన స్థలం అంటే ఎవరన్నా చూపిస్తారు. తెనాలి రోడ్డుకి తూర్పు పక్క, ఇరవై రెండు సెంట్లు.